తులసి గారు ఊళ్ళో లేరు

ఆ ఆదివారం పొద్దున్న నేను వీధి వసారా కడుగుతున్నాను. కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని చీపురుతో నీళ్ళు తోస్తుంటే గేటు దగ్గర ఒకావిడ ఆగింది. నలభై అయిదేళ్ళుంటాయి. గంజి పెట్టిన నేత చీర, భుజాన సంచీ. నన్ను చూసి, "అమ్మాయ్, రేడియో తులసి గారిల్లు ఇదేనా?" అంది.

నేనే తులసిని. పూర్తి పేరు రామతులసి. 1996లో జరిగిన సంగతి ఇది. అప్పటికి నాకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. పదకొండేళ్ళుగా రాజమండ్రి రేడియోలో మధ్యాహ్నం మహిళల కార్యక్రమానికి క్యాజువల్ అనౌన్సర్ని. నెలలో ఆరు రోజులు, ఇంట్లో రెండు పూటలకీ వండి పెట్టి, ధవళేశ్వరంలో బస్సెక్కి వెళ్ళి, శ్రోతల ఉత్తరాలు చదివి, వచ్చేటప్పుడు కూరగాయలు కొనుక్కొచ్చేదాన్ని. ఆ ఉత్తరాల్లో నేను సన్నగా ఉంటాను. తెల్లగా ఉంటాను. ఒకాయన నా జడ మోకాళ్ళదాకా ఉంటుందని రాశాడు. నేను నల్లగా, లావుగా ఉంటాను. చిన్నప్పుడు మశూచి సోకి ముఖమంతా గుంటలు పడ్డాయి. పెళ్ళిచూపుల్లో నా చేత పాట పాడించుకుని మా అత్తగారు సూర్యకాంతమ్మ గారు, "దీపం ఆర్పేసి వింటే లక్ష్మీదేవే అనుకోవాలి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆయన శివరామకృష్ణ ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. నాకొచ్చిన ఉత్తరాలు భోజనమయ్యాక పైకి చదివి, "పాపం, ఎంత నమ్మకమో!" అని నవ్వేవారు. కోపంతో అన్న మాట కాదు. అందుకే దానికి ఏం జవాబు చెప్పాలో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు.

గేటు దగ్గరావిడకి నేను జవాబు చెప్పేలోగా మా ఆయన లోపల్నించి వచ్చేశారు.

"తులసి కోసమాండీ? కాకినాడ వెళ్ళింది. ఊళ్ళో లేదు. నేను వాళ్ళాయన్ని. రండి, కూర్చోండి" అన్నారు. తర్వాత నా వైపు చూడకుండా, "మంచినీళ్ళు పట్రా" అన్నారు.

నేను లోపలికి వెళ్ళి ట్రేలో గ్లాసు పెట్టి తెచ్చిచ్చాను. ఒక్క మాట మాట్లాడితే చాలు, ఆవిడ గుర్తుపట్టేస్తుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. గొంతు మీద బతుకుతున్న మనిషిని, నా ఇంట్లో నోరు మూసుకుని ట్రే పట్టుకుని నిలబడ్డాను. ఎందుకని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. భయం కాదు. ఆయన చెప్పిన అబద్ధాన్ని నిలబెట్టడం కూడా, అన్నం వార్చడంలాగా, నా పనే అనుకున్నాను.

ఆవిడ పేరు దేవకుమారి. మండపేటలో మహిళా మండలి నడుపుతోంది. వచ్చే నెల వార్షికోత్సవానికి తులసి గారిని పిలవడానికి వచ్చింది.

"మా వాళ్ళందరికీ ఆవిడని చూడాలనండి. మిల్లుల్లో పన్జేసేవాళ్ళు కూడా మధ్యాహ్నం ఆవిడ గొంతు వినే అన్నం తింటారు. సన్నగా, తెల్లగా, నవ్వుతూ ఉంటారని అనుకుంటాం. నిజమేనాండీ?"

"అచ్చం మీరనుకున్నట్టే ఉంటుందండి" అన్నారు మా ఆయన. "కాకపోతే సభలకి రావడం అలవాటు లేదు. ఏమీ అనుకోకండి."

ఆవిడ లేచి, ఖాళీ గ్లాసు నాకిస్తూ, "మీ పనమ్మాయి నెమ్మదస్తురాలండి" అంది. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఆవిడ గేటు దాటాక నాతో అన్నారు: "నీ మంచికే చెప్పాను. ఆవిడ మనసులో ఒక బొమ్మ ఉంది. దాన్ని పాడుచెయ్యడం ఎందుకు? వసారా ఆరేలోగా తుడిచెయ్యి, జారుతుంది."

నేను చీపురు గోడకి ఆనించాను. కుచ్చెళ్ళు దించుకుని, చెప్పులేసుకుని బస్టాపు వైపు నడిచాను. ఆయన వెనక నుంచి ఏదో అన్నారు. ఆగలేదు.

"దేవకుమారి గారూ, ఒక్క నిమిషం ఆగండి."

ఆవిడ టక్కున తిరిగింది. ముఖమంతా వెలిగింది. ముందు నన్ను చూసి, తర్వాత నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. ఎవరూ లేరు. మళ్ళీ నా వైపు తిరిగేసరికి ఆ వెలుగు కొంచెం తగ్గింది. నేనది చూశాను, ఆవిడ దాచుకోనూలేదు.

"మీరాండీ?" అంది. కాసేపటికి, "మిమ్మల్ని పనమ్మాయి అనుకున్నాను. క్షమించండి" అంది.

"అందులో తప్పేం లేదండి. ఆ పని రోజూ నేనే చేస్తాను. మీ సభకి వస్తాను."

"మీ ఆయన..."

"ఆయన్ని మీరు పిలవలేదు కదండీ."

ఆవిడ సంచీ అటూ ఇటూ మార్చుకుంది. "మా వాళ్ళకి ముందే ఏం చెప్పమంటారు?"

"ఏమీ చెప్పకండి. కరపత్రంలో నా ఫోటో వేయించండి. పంపిస్తాను."

మర్నాడు రాజమండ్రిలో డ్యూటీ అయ్యాక ఫోటో స్టూడియోకి వెళ్ళాను. స్టూడియో బుజ్జిబాబు మర్యాదస్తుడు. "మచ్చలు కనపడకుండా టచప్ చేస్తానండి, రంగు కూడా కాస్త తేలుస్తాను" అన్నాడు. ఏమీ చెయ్యొద్దన్నాను. ఎందుకో అర్థం కాక రెండుసార్లు అడిగాడు.

సభకి నాలుగు రోజుల ముందు మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి కరపత్రం బల్ల మీద పడేశారు.

"మా ఆఫీసులో చంద్రరావు అందరి ముందూ చూపించాడు. 'ఈవిడేనా మీ ఆవిడ?' అని అడిగాడు. నాకెంత సిగ్గేసిందో తెలుసా?"

"మీరేమన్నారు?"

"అవునన్నాను. ఇంకేమంటాను?"

పదహారేళ్ళ కాపురంలో నలుగురి మధ్య నన్ను తన భార్యనని చెప్పడం ఆయనకదే మొదటిసారి. ఒకప్పుడైతే ఆ మాట కోసం ఎన్నాళ్ళయినా ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు వింటే ఏమీ అనిపించలేదు. అలా అనిపించకపోవడమే నాకు వింతగా తోచింది.

"ఒంట్లో బాగాలేదని ఫోన్ చేసి చెప్పనా?" అన్నారు.

"నాకు బాగానే ఉందండి" అని, అన్నం వడ్డించాను.

మండపేటలో స్కూలు హాలు నిండిపోయింది. నేను మైకు ముందుకి రాగానే గుసగుసలు మొదలయ్యాయి. నమస్కారం అనగానే ఆగాయి. కొందరు కళ్ళు మూసుకుని వింటున్నారు, కొందరు మాత్రం నా ముఖాన్నే చూస్తున్నారు. మధ్యలో ముందు వరుసలోంచి ఒక ముసలావిడ లేచింది. రత్తమ్మట, మిల్లులో బియ్యం చెరుగుతుందట.

"ఏమ్మా, మా దేవమ్మ మీ ఇంటికొస్తే మీ ఆయన నువ్వు ఊళ్ళో లేవన్నాడంట గదా. ఎందుకలా అన్నాడు?"

దేవకుమారి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయింది. రేడియోలో నాకు ఎప్పుడూ చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఆ రోజు లేదు.

"నేనిలా ఉంటానని నలుగురికీ తెలియడం ఆయనకి సిగ్గండి. ఆ సిగ్గు నాది అనుకుని ఇన్నాళ్ళూ నేను మోశాను" అన్నాను.