డెబ్బై ఐదు హెర్ట్జ్

"ప్లగ్గు పీకు! ముందా ప్లగ్గు పీకవే!"

అత్తగారు పాపాయమ్మ గుమ్మంలోంచి అరిచేసరికే కనకదుర్గ టేబుల్ కిందికి దూరి ప్లగ్గు పీకేసింది. అయినా ఆలస్యమైపోయింది. మానిటర్ వెనక ఉన్న సన్నటి గాడుల్లోంచి పొగ లేచి, గోడమీది క్యాలెండర్ వైపు తీరిగ్గా పాకింది. గదంతా కాలిన వైరు వాసన.

అంతా నిమిషంలో జరిగిపోయింది. స్విచ్ వేసింది. కంప్యూటర్ మామూలుగానే లేచింది. తెరమీదికి బొమ్మ వచ్చీ రాగానే ఎక్కడో లోపల కీచుమని సన్నటి కూత మొదలైంది. చెవిలో సూది దింపుతున్నట్టు ఆ కూత ఇంకా ఇంకా సన్నబడింది. బొమ్మ మూడు ముక్కలై పైకి పరిగెత్తింది. టప్ మని చప్పుడు. తర్వాత నలుపు.

సగం గీసిన గడ్డంతో, మిగతా సగం సబ్బు నురగతో ఆమె భర్త పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చేశావ్?"

ఏమైంది అని అడగలేదు. ఏం చేశావ్ అన్నాడు.

"స్విచ్ వేశానండీ. అంతే."

"అంతేనా? పదిహేను రోజుల కిందట ఏదో తిప్పావుగా. హెర్ట్జ్‌లనీ గిర్ట్జ్‌లనీ."

"నేను అప్పుడే అనుకున్నా," అంది పాపాయమ్మ, కొంగుతో ముక్కు మూసుకుని. "ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచదురా. చేతులు ఊరుకుంటేగా."

దుర్గ గోడ గడియారం చూసింది. తొమ్మిదిన్నర. ఒంటిగంటకి పెడన నుంచి యలమంద గారు వస్తారు. కలంకారీ దుప్పట్ల అంచుకి ఆయన అడిగిన డిజైనులో ఇంకా రెండు మూలలు కలవాలి. అది చేతికొస్తే తప్ప అక్కడ అచ్చు చెక్కేవాళ్లు టేకు చెక్కమీద ఉలి పెట్టరు.

భర్త తువ్వాలుతో మొహం తుడుచుకుని ఫోను అందుకున్నాడు.

"రిపేరు గంగరాజుని రమ్మంటున్నా. వాడొచ్చి చూసి, ఇది సెట్టింగు మార్చడం వల్లే పోయిందని అన్నాడా, ఇవాళ్టితో ఆ కుర్చీకీ నీకూ చెల్లు. జీతానికి ఎవరినన్నా పెట్టుకుంటా. డిజైన్లు వాళ్లేస్తారు. నువ్వు వంటిల్లు చూసుకుందువుగాని."

ఆయన ఆ మాట అరిచి చెప్పలేదు. ఇంట్లో గ్యాసు అయిపోయిందని చెప్పినట్టు చెప్పాడు. అరిచిన మాటలు సాయంత్రానికి చల్లారతాయి. ఇలా చెప్పినవి ఆయన చేసి తీరతాడు.

బందరు పరాసుపేటలో, ఈ ముందుగదిలో, ఆ కుర్చీలో ఆమె కూర్చోబట్టి రెండేళ్లు. బయట బోర్డు మీద పేరు ఆయనది. లోపల పని ఆమెది. పొద్దున్నే టిఫిన్లు, ఆయన క్యారేజీ, అత్తగారి వేన్నీళ్లు, బట్టలు అన్నీ అయ్యాక తొమ్మిదిన్నరకి ఇక్కడికి వస్తుంది. మధ్యలో కుక్కరు కూతలు లెక్కపెడుతూనే తీగలు గీస్తుంది, పువ్వులు తిప్పుతుంది. పెడనలో పుట్టిన పిల్ల. తండ్రి అచ్చు అద్దుతుంటే బల్ల పక్కన నిలబడి, ఒక అచ్చు అంచు రెండో అచ్చు అంచుని వెంట్రుకవాసి తేడా లేకుండా ఎక్కడ కలుసుకోవాలో చూస్తూ పెరిగింది. ఆ చూపే ఇప్పుడు తెరమీద పనికొస్తోంది. ఓసారి యలమంద గారు మెచ్చుకుంటే భర్త నవ్వి, "చేసేదంతా కంప్యూటరేనండీ, మా ఆవిడ పక్కన కూర్చుంటుందంతే" అన్నాడు. దుర్గ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి కూడా మూడు డిజైన్లు పూర్తిచేసింది.

తలనొప్పి మొదటి నెలలోనే మొదలైంది. తెల్లటి తెరమీద సన్నటి గీతలు చూస్తూ గంట గడిచేసరికి కనుబొమల మధ్య ఎవరో గోరుతో గుచ్చుతున్నట్టుండేది. మధ్యాహ్నానికి కళ్లలో నీళ్లు, సాయంత్రానికి వాంతి వచ్చేలా తిప్పు. చెబితే ఒక్కొక్కరిదీ ఒక్కో వైద్యం. "వంటింట్లో పొయ్యి ముందు రాని నొప్పి అద్దం ముందు కూర్చుంటే వస్తుందా?" అని అత్తగారు. "ఇష్టం లేకపోతే లేదని చెప్పు, తలనొప్పి అని చెప్పకు" అని ఆయన. ఆదివారాలు ఆటలాడుకోవడానికి వచ్చే మరిది నాగవంశీ అయితే, "వదినకి ఏ తెరైనా ఒకటే, సీరియల్ వస్తే నొప్పి తగ్గుద్ది" అని నవ్వేవాడు. కొన్నాళ్లకి దుర్గకీ అనుమానం వచ్చింది, నొప్పి నిజంగా ఉందా, తాను పుట్టిస్తోందా అని. రెండేళ్లు ఇంట్లో అందరూ ఒకే మాట చెబితే మనిషి తన తలని తనే నమ్మడం మానేస్తుంది.

పదిహేను రోజుల కిందట అటకమీద ఇత్తడి గంగాళం దింపుతుంటే మానిటర్ వచ్చిన అట్టపెట్టె కనపడింది. అడుగున, కవరు కూడా చింపని చిన్న పుస్తకం. పొయ్యిమీద పప్పు ఉడుకుతుంటే దాన్ని వాకిట్లో కూర్చుని చదివింది. తెర సెకనుకి ఎన్నిసార్లు ఆరి వెలుగుతుందో దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారట. అరవై అయితే కొందరి కంటికి ఆ వణుకు తెలుస్తుందట, కళ్లు లాగుతాయట, తలనొప్పి వస్తుందట. ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. నాలుగుసార్లు చదివింది. పప్పు మాడింది.

చివరి పేజీలో పట్టిక ఉంది. తాను వాడే బొమ్మ సైజుకి ఈ మానిటర్ తట్టుకునేది డెబ్బై ఐదు. దాటితే లోపలి భాగాలు కాలిపోవచ్చని కింద నల్లటి అక్షరాల్లో ఉంది. దుర్గ తొందరపడలేదు. మానిటర్ వెనక అంటించిన చీటీ మీద మోడల్ నంబరు, పుస్తకంలో నంబరు ఒకటేనా అని టార్చిలైటు వేసి చూసుకుంది. తెరిచిన ఫైళ్లన్నీ మూసింది. సెట్టింగుల్లోకి వెళితే అరవై అని ఉంది. దాని పక్కనే ఒక గడిలో టిక్కు, ఈ మానిటర్ చూపించలేని అంకెల్ని దాచి ఉంచడానికి. ఆ టిక్కు ముట్టుకోలేదు. అరవై నుంచి ఒక్కసారే దూకకుండా ముందు డెబ్బై రెండు పెట్టింది. తెర ఓ క్షణం నల్లబడి వెలిగింది, ఇలాగే ఉంచమంటావా అని అడిగింది. జవాబు చెప్పకపోతే పదిహేను సెకన్లలో పాతదానికే వెళ్లిపోతుంది. కూత గానీ వాసన గానీ వస్తుందేమోనని చెవి దగ్గర పెట్టి విని, అప్పుడు సరే అంది. మర్నాడు డెబ్బై ఐదు.

రోజంతా వినీ వినీ అలవాటైన పిండిమర చప్పుడు ఆగిపోయినట్టయింది. తెర నిలబడింది. రెండేళ్లుగా తన కళ్ల ముందు గదంతా వణుకుతూనే ఉందని అది ఆగాకే తెలిసింది. ఆ సాయంత్రం నొప్పి రాలేదు. రాలేదన్న సంగతి అన్నం వడ్డిస్తుండగా గుర్తొచ్చి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సంబరంగా ఆయన్ని పిలిచి చూపించింది. ఆయన కళ్లు చికిలించి, "నాకేం తేడా కనపళ్లేదు. అయినా నన్నడక్కుండా ఎందుకు మార్చావ్?" అన్నాడు.

పదిహేను రోజులు హాయిగా పనిచేసింది. మరి ఇవాళేమైంది? గంగరాజు వచ్చేలోపు దుర్గ ఆ గుండీలన్నీ మనసులో మళ్లీ నొక్కింది. డెబ్బై ఐదే. మొన్న సాయంత్రం కూడా డెబ్బై ఐదే. నిన్న మధ్యాహ్నం రెండింటి బస్సుకి పెడన వెళ్లింది, దీపాలవేళకి వచ్చింది, కంప్యూటర్ వేయనేలేదు. నాగవంశీ వచ్చి ఆడాడా? వారం నుంచీ ముదినేపల్లిలో చేపల చెరువు దగ్గరే ఉన్నాడు. అత్తగారికి స్విచ్ ఎక్కడుందో కూడా తెలియదు. లేక తానే పొరపాటు చదివిందా? ఐదుని ఎనిమిదనుకుందా? పుస్తకం తెచ్చి మళ్లీ చూసింది. డెబ్బై ఐదే. చూశాక కూడా నమ్మకం కుదరలేదు.

పదకొండున్నరకి గంగరాజు రిక్షాలో పదిహేడంగుళాల మానిటర్ వేసుకుని దిగాడు. పాతదాని వెనక డొప్ప ఊడదీసి, టార్చి వేసి, పెదవి విరిచాడు.

"పోయిందండి. తట్టుకోలేనంత స్పీడు పెడితే ఇలాగే, పెట్టినప్పుడు కాకపోయినా మళ్లీ స్విచ్ వేసినప్పుడు పోద్ది. ఎవరో సెట్టింగు మార్చారు."

"విన్నావుగా," అన్నాడు భర్త, వాకిట్లో చెప్పులు వేసుకుంటూ. "యలమందకి నేనే ఫోన్ చేస్తా, డిజైన్లు గుడివాడలో వేయించుకొమ్మని."

"ఒక్క నిమిషం ఆగండి," అంది దుర్గ. "గంగరాజు గారూ, మీరు తెచ్చినది పెడితే లోపల ఎంతుందో కనపడుతుందా? ఇది మాత్రం తట్టుకుంటుందా ఆ స్పీడు?"

గంగరాజు ఆమెకేసి వింతగా చూశాడు. ఇన్నాళ్లూ కాఫీ ఇచ్చే మనిషిగానే చూసినవాడు. "పర్లేదమ్మా. చీటీ చూసే తెచ్చాను. దీనికి ఇబ్బంది లేదు."

వైరు మార్చి స్విచ్ వేశాడు. తెర వెలిగింది. దుర్గ కుర్చీ అంచున కూర్చుని తానే సెట్టింగుల్లోకి వెళ్లింది. మానిటర్ మొహం గోడవైపు. కనపడేది ఆమెకీ, వెనక వంగి చూస్తున్న గంగరాజుకీ మాత్రమే. గడిలో టిక్కు లేదు. పక్కన ఉన్న అంకె డెబ్బై ఐదు కాదు. గంగరాజు నాలుక కరుచుకున్నాడు గానీ పైకేమీ అనలేదు. జేబులోంచి చీటీల పుస్తకం తీశాడు.

"ఎవరు పెట్టారండీ ఇది?"

"ఇంకెవరు!" వాకిట్లోంచి భర్త గొంతు ఖంగుమంది. "డెబ్బై ఐదు సరిపోలేదు మహాతల్లికి. నూరు పెడితే కాలదా మరి?"

దుర్గ మెల్లిగా తల తిప్పింది.

"నూరని మీకెవరు చెప్పారండీ?"

"ఏంటి?"

"తెర ఇటుంది. నేను చెప్పలేదు. ఈయన చెప్పలేదు. నూరని మీకెలా తెలిసింది?"

ఆయన గుమ్మం వైపు తిరిగాడు. చెప్పు ఒకటి కాలికి ఉంది, రెండోది చేతిలో ఉంది. "అంటే... డెబ్బై ఐదుకే అంత బాగుంటే నూరైతే ఇంకా..." అని ఆగి, "ఏదో ఉజ్జాయింపుగా అన్నాన్లే" అన్నాడు. గంగరాజు పుస్తకంలోకి తల దించుకున్నాడు. కొడుకు మొహం చూసిన పాపాయమ్మకి క్షణంలో అంతా అర్థమైంది. ఆమె వచ్చి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. పెళ్లయిన ఆరేళ్లలో అంత మెత్తగా ఎప్పుడూ వేయలేదు.

"పోనీలేమ్మా. నిన్న నువ్వు లేనప్పుడు ఏదో సరదాపడి ఉంటాడు. నలుగురిలో తిరిగే మగాడు, పొరపాటన్న మాట బజార్లోకి పోతే బావుంటుందా? నీ పేరు రాయించెయ్. ఆడదానివి, నిన్నెవరూ తప్పు పట్టరు. కుర్చీ సంగతి నేను వాడితో మాట్లాడతాగా."

గంగరాజు ఇబ్బందిగా కదిలాడు. "ఎవరి చేతిలో పోయిందని ఒక గడుందండి. ఖాళీగా ఇస్తే మా ఓనరు నా మీదేస్తాడు. ఏదో ఒక పేరు చెప్పండి, రాసుకుంటా."

"కనకదుర్గ అని రాయవయ్యా," అన్నాడు భర్త, గుమ్మం మీద నుంచి, ఆమె వైపు చూడకుండా.

కలం కాగితం మీద ఆనింది. మొదటి అక్షరం తలకట్టు పడింది. పొద్దుట్నుంచీ ఆయన తనని చూస్తూనే ఉన్నాడని దుర్గకి అప్పుడు తట్టింది. తాను పుస్తకం తెచ్చి మళ్లీ మళ్లీ చూసుకోవడం, తనని తాను అనుమానించుకోవడం, అంతా తెలిసే చూశాడు. గడ్డం మిగతా సగం గీసుకుని, టిఫిను తిని, చెప్పులు వేసుకున్నాడు.

"కొట్టెయ్యండి," అంది దుర్గ.

"అమ్మా?"

"ఆ పేరు కొట్టెయ్యండి. నేను చెప్తా, రాసుకోండి."

ఆ ఇంట్లో భార్య భర్త పేరు పలకదు. బ్యాంకులో అడిగితే కాగితం మీద రాసి చూపించేది. ఆసుపత్రిలో అడిగితే పక్కనున్న నర్సు చేత చెప్పించేది. ఆరేళ్లు ఆయన, మావారు, మీ అబ్బాయి. పాపాయమ్మకి ఏం జరగబోతోందో తెలిసి, "అమ్మాయ్!" అని చెయ్యి గట్టిగా నొక్కింది. దుర్గ ఆ చేతిని భుజం మీద నుంచి తీసి పక్కన పెట్టింది.

గుమ్మంలో నిలబడ్డ మనిషి కళ్లలోకి సూటిగా చూస్తూ, వీధిలో రిక్షా అతనికి కూడా వినపడేలా చెప్పింది.

"ధనుంజయరావు."