చెరిపినవారి పేరు

నేను ఒక నల్లబల్లను. నిమ్మతోట కాలనీ గేటు పక్కన, రేకుల వసారాలో గోడకు వేలాడుతున్నాను. నా మీద నుంచి ఒక వరుస పోయిన రోజు గురించి ముందు చెప్పాలి. అది వినాయక చవితికి ముందురోజు. పొద్దున్న పది దాటింది. పోయిన వరుసలో ఎక్కువ మాటలు లేవు: "మూడో వీధి. మూత తీశాను. జాగ్రత్త. – 9." కింద కుడిమూలన, రైలు పట్టాల్లా తిన్నగా సాగే అక్షరాలు. ఒక తడిగుడ్డ మూడుసార్లు గుండ్రంగా తిరిగింది. ఆ వరుస ఇక లేదు.

నల్లబల్లకు చెరిపించుకోవడం కొత్త కాదు. నా బతుకంతా అదే. కానీ ఆ రోజు నుంచి తడిగుడ్డ కనిపిస్తే నాకు వణుకు. చెక్కకు వణుకేమిటని మీరు నవ్వుకోవచ్చు. మబ్బు పట్టినప్పుడు మీరు ఆకాశం వైపు చూస్తారు. నేను వీధి వైపు చూస్తాను. ఆ భయం ఎలాంటిదో చెప్పాలంటే నా పుట్టుక దగ్గరికి వెళ్ళాలి.

నన్ను చేసింది సోమలింగాచారి అనే వడ్రంగి. మూడు టేకు పలకలు కలిపి, అతుకులు కనబడకుండా చిత్రిక పట్టి, నల్లరంగు మూడు పూతలు వేశాడు. ఆరాక అరచేత్తో నిమిరి, "ఇంక దీని మీద ఎవుడేటి రాసినా దీనికేటీ అంటదు" అన్నాడు. మంచి పనివాడే కాని, ఆ మాట మాత్రం తప్పింది.

విజయనగరంలో ఒక బడికి, అయిదో తరగతి గదికి వెళ్ళాను. అక్కడ వకుళ టీచర్ ఉండేది. సన్నగా, తక్కువ మాటలతో, సుద్దముక్క అరిగి గోరంత అయ్యేదాకా రాసే మనిషి. పిల్లలు ఎవరు ఎలా చెరుపుతారో ఆమెకు వెనక్కి తిరక్కుండానే తెలిసేది. ఒకడు పైనుంచి కిందికి, ఒకడు అడ్డంగా, ఇంకొకడు మధ్యలో మాత్రం తుడిచి అంచులు వదిలేసేవాడు. "చేతిరాత మార్చుకోవచ్చు గాని, చెరిపే తీరు మారదు" అనేది.

తరగతిలో ఎవరి వస్తువైనా పోతే ఆమె ఎవరినీ నిలదీసేది కాదు. ఖాళీ సుద్దల పెట్టె బల్ల మీద పెట్టి, "నేను మంచినీళ్ళు తాగి వస్తాను. వచ్చేసరికి ఇది ఖాళీగా ఉండకూడదు" అని బయటికి వెళ్ళేది. తిరిగొచ్చేసరికి పోయిన పెన్నో, జామెట్రీ పెట్టె మూతో అందులో ఉండేది. ఎవరు పెట్టారని ఆమె అడగలేదు. నేను చూసినన్నేళ్ళలో ఆ పెట్టె ఒక్కసారి కూడా ఖాళీగా మిగలలేదు.

బడికి పచ్చబల్లలు వచ్చాక నన్ను వరండాలో గోడకు ఆనించారు. టీచర్ భర్త సన్యాసిరావు గారు నన్ను రిక్షాలో ఎక్కించుకుని ఈ కాలనీకి తెచ్చారు. ఆయన ముప్ఫయ్యేళ్ళకు పైగా రైల్వేలో గేట్‌మన్‌గా పనిచేశారు. రైలు వస్తోందని నోటితో చెబితే చాలదు, పుస్తకంలో రాసి ఉండాలి. "రాసుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు" అనేది ఆయన ఊతపదం. కాలనీ కార్యదర్శి అప్పలనరసయ్య గారు, హోమియో మందుల కొట్టాయన, వెక్కిరించేవారు: "గేటు వదిలేసినా మీకు గేటు బుద్ధి వదల్లేదండీ." సన్యాసిరావు గారు నవ్వి, "బుద్ధి కూడా వదిలేస్తే ఇంకేటి మిగులుద్దండీ?" అనేవారు.

ఇక్కడ నాకు తీరిక లేకుండా పోయింది. ఎండాకాలం వస్తే ఆవకాయ ముక్కలు కొట్టే మనిషి ఏ రోజు వస్తాడో, వడియాలకు డాబా ఎవరి వంతో రాసేవారు. కార్తీకంలో వనభోజనాలు, ధనుర్మాసంలో అయిదింటికి ముందు మైకు పెట్టరాదన్న విన్నపం. నీళ్ళు వృథా చేయవద్దని నా మీద రాసిన పెద్దమనిషే ఆ పూట తన గుమ్మం ముందు గొట్టంతో వీధంతా కడిగేవాడు. ముగ్గుల మీద స్కూటర్లు ఆపరాదని ఉన్న చోట, చదవడానికి స్కూటర్ ముగ్గు మీదే ఆపేవారు. మనుషులు నియమాలను ఎదుటివాళ్ళ కోసం రాసుకుంటారని నాకు అప్పుడే తెలిసింది.

ఒక్క నియమం మాత్రం అందరూ పాటించారు. ఈ నేల ఒకప్పుడు నిమ్మతోట, పల్లం. రెండు రోజులు వాన పడితే నాకు ఎదురుగా ఉన్న మూడో వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. అప్పుడు గునపంతో మ్యాన్‌హోల్ మూత ఎత్తి పక్కన పెడితే నీరు మెల్లగా దిగుతుంది. అక్కడ కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టేవారు, కాని వరదకు కర్ర నిలిచేది కాదు. అందుకని సన్యాసిరావు గారు నా పై అంచున తెల్లరంగుతో, చెరగకుండా రాశారు: "తీసినవారే రాయాలి. పెట్టినవారే చెరపాలి."

పదకొండేళ్ళు ఎవరి కాలికీ దెబ్బ తగలలేదు. నా మీద వరుస ఉంటే రెండో వీధి గుండా తిరిగి వెళ్ళేవారు. లేకపోతే మూడో వీధిలో నీళ్ళున్నా ధైర్యంగా దిగేవారు. నాలుగిళ్ళలో పనిచేసే పైడితల్లికి చదువు రాదు. ఆమె కూడా మూల వైపు చూసే అడుగు వేసేది. ఖాళీని చదవడానికి చదువు అక్కర్లేదు. నాలో భయం మొదలైంది కూడా అక్కడే. నా మీద ఏమీ లేకపోవడం కూడా ఒక కబురైపోయింది. అంత బరువు ఒక చెక్క మోయగలదా?

చవితి ముందురోజు తెల్లవారేసరికి వీధి నిండింది. ఆరింటికి సన్యాసిరావు గారు పంచె ఎగగట్టి, మూత ఎత్తి, తడిచేతులు తువ్వాలుకు తుడుచుకుని వచ్చి నా మూలన రాశారు, చివర తన ఇంటి నంబరు తొమ్మిది వేసి. స్నానానికి ఇంటికి వెళ్ళారు.

పదింటికి అప్పలనరసయ్య గారు బకెట్టు, గుడ్డ పట్టుకుని వచ్చారు. పండగ కబురు రాసే ముందు నన్ను కడిగి నాలుగు మూలలా పసుపు, కుంకుమ పెట్టడం ఆయన ఆనవాయితీ. భక్తి గల మనిషి. ఎవరికి జ్వరం వచ్చినా మాత్రల పొట్లం తనే ఇంటికి తీసుకెళ్ళి ఇస్తారు. గుడ్డ నా మూలకు వచ్చి ఆగింది. ఆయన ఆ వరుసను చదివారు. ఆ మాట నేను ఒట్టేసి చెప్పగలను.

"ఇది నిన్నటిదే అయ్యుంటుంది" అని తనలో తను అనుకున్నారు.

నిన్న కూడా మూత తీశారు. నిన్నటి వరుసను నిన్ననే చెరిపారు. సన్యాసిరావు గారిని ఒక్క మాట అడిగినా చాలు. కాని బకెట్టులో నీళ్ళు చల్లగా ఉన్నాయి, చేతిలో పని మొదలైంది, ఇంట్లో పూజ సామాను సర్దాలి. గుడ్డ మూడుసార్లు గుండ్రంగా తిరిగింది. పసుపు గిన్నె మరిచిపోయానని గుర్తొచ్చి, ఆయన దాని కోసం మూడో వీధిలోకే దిగారు, వెంటనే తిరిగి రాలేదు.

ఆ తరువాతి గంట నేను మరిచిపోలేను.

గోధుమరంగు నీళ్ళు వీధిని ఒక్క పలకలా కప్పేశాయి. ఎర్రగుడ్డ కర్ర ఎప్పుడో కొట్టుకుపోయింది. మూత ఎక్కడ లేదో ఆ వీధిలో నాకొక్కదానికే తెలుసు. అప్పలనరసయ్య గారు గోడ పట్టుకుని నడిచే అలవాటున్న మనిషి గనక జానెడు దూరంలో దాటిపోయారు. ఆయన వెనక పాలవాడు సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. ముందు చక్రం గుంత అంచు తాకి పక్కకు జారింది. తిట్టుకుని లాక్కుపోయాడు. తరువాత ఒకావిడ, చంకలో బిడ్డ, చేతిలో గొడుగు. నన్ను చూసింది. ఖాళీ. దిగింది. ఒక్కో అడుగూ నేను లెక్కపెట్టాను. ఆగు, ఆగు అని నాలో పలకలు మూడూ బిగుసుకుపోయాయి. నా మీద ఎన్ని వేల మాటలు రాశారో. ఒక్కటి కూడా నాది కాదు. ఒక్కటి కూడా అప్పుడు నోటికి రాలేదు. ఆమె బిడ్డను రెండో చంకకు మార్చుకోవడానికి ఎడమకు జరిగింది, ఆ జరగడంలోనే దాటిపోయింది.

పదకొండింటికి సన్యాసిరావు గారు వచ్చారు. మూత పెట్టడానికి గునపం తెచ్చారు. చంకలో పత్రి కోసం గుడ్డసంచి. నా మూల చూసి ఆగారు. నా కింద వసారాలో పైడితల్లి వాన వెలిసేదాకా ఆగుదామని కూర్చుని ఉంది.

"మూత ఎవరు పెట్టేరో చూసేవేటే, పైడితల్లీ?"

"నానిప్పుడే ఒచ్చేను బాబూ. బోర్డు మీద గీత నేదంటే ఎట్టీసినట్టే కదేటి!"

ఆయన ముఖం వెలిగింది. అలా వెలగడం నేను అంతకుముందు చూడలేదు. "చూసేవా! పదకొండేళ్ళకి మనోళ్ళకి బుద్ధొచ్చింది. నేను రాకముందే పెట్టీసేరు" అన్నారు.

"మీ గేటు బుద్ధి అందరికీ అంటీసింది బాబూ" అని ఆమె నవ్వింది.

ఆయనా నవ్వారు. ఇక పనిలేదని గునపాన్ని నా కింద గోడకు ఆనించారు. అది చేతిలో ఉంటే అడుగు ముందు నేలను పొడిచేది. గొడుగు విప్పి మూడో వీధిలోకి దిగారు. ఆ మూత తీసింది ఆయనే. ఎక్కడ తీశారో ఆయనకంటే ఎవరికి బాగా తెలుసు? అయినా తన చేతిని కాక నన్ను నమ్మారు. రాసుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

గొడుగు నీళ్ళ మీద తేలింది.

పైడితల్లి కేకకు కాలనీ అంతా వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకు, కాలువ చివర ఇనపజాలీ దగ్గర ఆయనను తీశారు. ఆ ఏడు చవితి కబురు నా మీద ఎవరూ రాయలేదు.

పదకొండో రోజు దాటాక వసారాలో సమావేశం జరిగింది. వరుస ఎలా పోయిందన్న మాట వచ్చింది. "వాన జల్లు కొట్టి చెరిగిపోయుంటుంది" అన్నారెవరో. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వాన కదా, ఎదురు చెప్పదు. ఈ వసారాలో పదకొండేళ్ళుగా నా మీద ఒక్క చినుకు పడలేదని అందరికీ తెలుసు. అప్పలనరసయ్య గారు తల వంచుకుని కూర్చున్నారు. ఆ పదకొండు రోజులూ టీచర్ ఇంటికి కాఫీ ఫ్లాస్కు తెచ్చి ఇచ్చింది ఆయనే.

వకుళ టీచర్ లేచి నా దగ్గరికి వచ్చింది. కింద మూలన వేలు పెట్టింది. తడిగుడ్డ ఆరిపోయాక సుద్ద మరక గుండ్రటి చారలుగా మిగులుతుంది. ప్రతి పండక్కీ ఆమె ఆ చారలు చూసింది. వేలు ఒక చుట్టు తిరిగి ఆగింది. ఆ వేలు చల్లగా ఉంది. ఇప్పుడు పేరు చెబుతుందని నేను భయపడ్డాను. చెప్పదేమోనని అంతకంటే భయపడ్డాను. ఆమె వేలు కొంగుకు తుడుచుకుంది. వెళ్ళి కూర్చుంది.

మర్నాడు పొద్దున్న సుద్దముక్కతో వచ్చింది. తెల్లరంగు నియమానికి కింద, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: "చెరిపినవారి పేరు:" పక్కన ఒక ఖాళీ గీత గీసింది. నా అంచు మీద కొత్త సుద్దముక్క ఒకటి పెట్టి, మంచినీళ్ళకు వెళ్తున్నట్టు మెల్లగా వెళ్ళిపోయింది.

అప్పలనరసయ్య గారు మూడుసార్లు వచ్చారు. మొదటిసారి దూరం నుంచే తిరిగిపోయారు. రెండోసారి సుద్దముక్క చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశారు. మూడోసారి గీత మీద "అ" అని రాశారు. ఆ చెయ్యి నా మీద ఆనినప్పుడు తెలిసింది, ఆయన భయం నా భయం కంటే చిన్నదేమీ కాదు. చెమట నా పలకలోకి ఇంకింది. వెనక ఎవరో దగ్గారు. ఆయన ఆ అక్షరాన్ని అరచేత్తో రుద్దేసి వెళ్ళిపోయారు.

టీచర్ పొద్దున్నే వచ్చి ఆ మరక చూసింది. చెమ్మగిల్లిన సుద్దముక్క తీసి కొత్తది పెట్టింది. గేటు దగ్గర ఊడుస్తున్న పైడితల్లి చీపురు ఆపింది. "ఎట్టీసినట్టే" అని ఆ రోజు సన్యాసిరావు గారితో చెప్పిన మాటకు ఆమె ఇప్పటికీ ఏడుస్తుంది.

"ఈ సుద్దముక్క ఎందుకమ్మా రోజూ?"

"ఎవరికైనా కావాలేమోనని."

"నివ్వయినా అడగవేటమ్మా? నానైతే పీక అట్టుకుని అడుగుదును!"

"పీక పట్టుకుంటే మాట రాదే" అంది టీచర్.

ఏడాది తిరిగింది. మళ్ళీ భాద్రపదం. మూడో వీధిలో మళ్ళీ నీళ్ళు. ఇప్పుడు వాన పడితే వకుళ టీచర్ ఆ గునపం పట్టుకుని, ప్రతి అడుగుకూ నేలను పొడుస్తూ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుంది. బడికి వెళ్ళే పిల్లలు ఆమె వెనక వరుసగా నడుస్తారు. నన్ను ఎవరూ చూడరు. కాలనీకి తెల్లబల్ల కొన్నారు, రేపు బిగిస్తారట. నన్ను మోటారు గదిలో పెడతారట. కడిగి పెడదామని ఒకరన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు స్థిమితం లేదు.

ఈ సాయంత్రం చివరి సుద్దముక్క పెట్టి, ఆమె ఎప్పటికంటే ఎక్కువసేపు నిలబడింది. అప్పలనరసయ్య గారి ఇంటి కిటికీలో దీపం వెలిగింది. ఆమె అటు చూడలేదు.

సుద్దముక్క అంచు మీదే ఉంది. గీత మీద పేరు ఇంకా రాయలేదు.