ఇరవై ఒక్క కొబ్బరికాయల గోలు

అన్యాయంగా వచ్చిన గోలుకు మొక్కు చెల్లించాలా, అక్కర్లేదా? ఎనిమిదేళ్లుగా ఈ సందేహం నన్ను వదల్లేదు. పూజారిని అడుగుదామంటే ఆయనకు ఫుట్‌బాల్ తెలియదు. ఫుట్‌బాల్ తెలిసినవాళ్లకు మొక్కుల సంగతి పట్టదు.

నేను కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేస్తాను. ఎనిమిదేళ్ల కిందట, వినాయక నిమజ్జనం అయ్యాక వచ్చిన ఆదివారం, మా కంపెనీ జట్టుకూ పటాన్‌చెరు కాలనీ జట్టుకూ ఫైనల్ జరిగింది. చెరో గోలు వేసి ఉన్నారు. ఇంకో ఐదు నిమిషాలే ఉంది. నేను గోల్‌పోస్టు వెనకాల నిలబడి కళ్లు మూసుకున్నాను. "రుద్రారం గణపయ్యా, ఒక్క గోలు ఇప్పియ్యి. ఇరవై ఒక్క కొబ్బరికాయలు కొడత" అని మొక్కాను.

కళ్లు తెరిచేసరికి మా జట్టుకు కార్నర్ కిక్ దొరికింది. బంతి కోసం పదిమంది ఒక్కసారే ఎగిరారు. ఆ దుమ్ములో ఎర్రదారం కట్టిన చెయ్యి ఒకటి బంతికి తగలడం నేను చూశాను. బంతి గోల్లో పడింది. రెఫరీ గోలిచ్చాడు. మేం గెలిచాం.

ఎర్రదారం ఎవరి చేతికి ఉంటుందో మా కంపెనీలో అందరికీ తెలుసు. మా జట్టు మొనగాడు శ్రీశైలం ప్రతి మంగళవారం రుద్రారం గుడికి వెళ్లి కట్టించుకుంటాడు. అంటే గోలు చేత్తో వేశాడన్నమాట. అలాంటి గోలుకు కొబ్బరికాయలు కొడితే ఆ తప్పులో దేవుడికి కూడా వాటా పెట్టినట్టు కాదా? కొట్టకపోతే నేను ఆడిన మాట తప్పినట్టు.

మా ఇంటావిడ మల్లవ్వకు ఇలాంటి సందేహాలేవీ లేవు. "మొక్కు తీరేదాక మనింట్ల కొబ్బరి ముట్టేది లేదు" అంది, అంతే. ఎనిమిదేళ్లు మా ఇంట్లో కొబ్బరి చట్నీ లేదు. పండక్కి గరిజెలు చేస్తే లోపల కొబ్బరికి బదులు పుట్నాల పొడే. పక్కింటివాళ్లు ప్రసాదం తెచ్చిస్తే కొబ్బరి ముక్కను కళ్లకద్దుకుని మళ్లీ వాళ్ల చేతిలోనే పెట్టేది. పోనీ ఆ గ్రౌండుకు వెళ్లి ఇంకోసారి ఆలోచిద్దామంటే అక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి. గోల్‌పోస్టు ఉన్నచోట ఎవరో బట్టలు ఆరేసుకుంటున్నారు.

ఈ ఏడు నిమజ్జనం అయిన మూడోరోజున, మొదటి షిఫ్టు దిగి చౌరస్తాలో టీ తాగుతున్నాం. ఆదివారం మళ్లీ అవే రెండు జట్లకు ఫైనల్. హోటల్లో బంతి లేకుండానే ఆట మొదలైంది. ఇటు మా లోడింగ్ సెక్షన్ పాండు. అటు కాలనీలో ఉండే వెంకటరామయ్యగారు, కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే రిటైరైన పెద్దమనిషి. కాలనీ జట్టులో ఆడే కళ్యాణ్ అంటే ఆయనకు ప్రాణం.

"ఆట సంగతి తర్వాత పాండూ, మనిషి ఎలాంటివాడో చూడాలి" అన్నారాయన. "మా కళ్యాణ్ ఏనాడైనా గొంతు పెంచాడా? వాళ్లమ్మను బండి మీద గుడికి తీసుకెళ్తాడు. మరి మీవాడో? సైలెన్సర్ పీకేసిన బండేసుకుని వస్తే పడుకున్న పిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు!"

"లేస్తే మంచిదే గద సారు, బడికి జల్దీ పోతరు."

"బోనాల ఫ్లెక్సీలో అమ్మవారి కంటే వాడి మొహమే పెద్దది."

"అమ్మవారే ఏమనలే, మీకేంది పరేషాన్?" పాండు గ్లాసు బల్ల మీద పెట్టాడు. "మీ కళ్యాణ్ బాబు చలికాలంల ఒక ముసలవ్వకు దుప్పటిచ్చిండు. దుప్పటి ఒకటి, ఫోటోలు నాలుగు! పాపం, ఆ అవ్వ వణుక్కుంట నాలుగుసార్లు చెయ్యి చాపింది."

హోటలంతా నవ్వింది. పాండు అక్కడితో ఆగలేదు. "మా శ్రీశైలమన్న పోయినేడు మీ గోల్‌కీపర్ కాలు ఇరిగితే, ఆట ఇడిశిపెట్టి బండి మీద దవాఖానకు తీస్కపోయిండు. ఒక్క ఫోటో దిగలే."

"ఆ కాలు విరగ్గొట్టిందెవరు? వాడే కదా!"

"తీస్కపోయింది గూడ ఆయనే గద!"

వెంకటరామయ్యగారు నవ్వు ఆపుకుని నా వైపు తిరిగారు. "సరే, చేత్తో వేసిన ఆ గోలు మాటేమిటి? సంగయ్యగారు ఆ రోజు పోస్టు వెనకే ఉన్నారు. ఆయన అబద్ధం ఆడరు. చెప్పండి సంగయ్యగారూ."

"చెప్పు సంగన్నా! సాఫ్ గోలని చెప్పు" అన్నాడు పాండు.

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ ఇలా సూటిగా అడగలేదు.

"ఎర్రదారమున్న చెయ్యి తగిలింది. నేను సూసిన" అన్నాను.

పాండు మొహం వాడిపోయింది. వెంకటరామయ్యగారు చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే ఫట్‌ఫట్‌మంటూ శ్రీశైలం బండి వచ్చి ఆగింది. వెనక సీట్లో కళ్యాణ్. ఆదివారం ఫైనల్‌కు గ్రౌండు మాట్లాడి ఇద్దరూ కలిసి వస్తున్నారు.

"ఏందిరా, గిట్ల గప్‌చుప్ కూసున్నరు? ఎవలన్న పోయిండ్రా?" అన్నాడు శ్రీశైలం.

"నీ పేరే పోయింది అన్నా" అని పాండు జరిగిందంతా చెప్పాడు.

శ్రీశైలానికి కోపం వస్తుందనుకున్నాను. అతను నవ్వాడు. "కాక సూసింది నిజమే. చెయ్యి తగిలింది" అని టీ గ్లాసు అందుకున్నాడు. కళ్యాణ్ కూడా గ్లాసు కోసం చెయ్యి చాపాడు. చొక్కా చెయ్యి పైకి జరిగింది. అతని కుడి మణికట్టు మీద ఎర్రదారం కనిపించింది, కొత్తది.

"కళ్యాణ్ బాబూ, ఆ దారమేంది?" అని అడిగాను.

"అనంత వ్రతం తోరం అండీ. అనంత చతుర్దశి రోజు, అంటే నిమజ్జనం రోజున, మా అమ్మ కడుతుంది."

"ఏటా కడతదా?"

"ఏటా కడుతుందండీ."

మా ఇళ్లల్లో ఆ వ్రతం లేదు. నాకు తెలిసిన ఎర్రదారం గుడిలో కట్టేది ఒక్కటే. నేను అతని చేతి వైపే చూస్తూ ఉండిపోయాను. కళ్యాణ్ పెదవుల దాకా వెళ్లిన గ్లాసు ఆగిపోయింది.

"ఆ చెయ్యి నాదేనండీ" అన్నాడు మెల్లగా. "శ్రీశైలం తలతో కొట్టాడు. బంతి గోల్లోకి పోతోంది. నాకు తెలియకుండానే చెయ్యి లేచింది. తగిలింది కానీ బంతి ఆగలేదు. మర్నాటికి అందరూ ఆ చెయ్యి శ్రీశైలానిదే అంటున్నారు. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూనే ఇన్నేళ్లు గడిచిపోయాయి."

"నీకు తెలుసా?" అని శ్రీశైలాన్ని అడిగారు వెంకటరామయ్యగారు.

"తెల్వకేంది సారు? నా ముక్కు ముందలనే పాయె గా చెయ్యి."

"మరి చెప్పలేదేం?"

"ఏం జెప్పాలె? గోలైతే గోలే గద. ఆ దినం వాళ్లమ్మ వచ్చి ముందల కుర్చీల కూసుంది. ఆమె కట్టిన దారం ఉన్న చెయ్యే తప్పు చేసిందని ఆమె ముందల ఎట్ల జెప్త? నాకైతే ఎట్లాగూ మంచి పేరు లేకపాయె."

వెంకటరామయ్యగారు లేచి శ్రీశైలం భుజం తట్టారు. "ఇలాంటివాణ్ని నేనింకెక్కడా చూడలేదయ్యా! సైలెన్సర్‌దేముంది, కుర్రతనం!"

"ఆగుండ్రి సారు" అన్నాడు పాండు. "కళ్యాణ్ బాబు మాత్రం తక్కువనా? అందరి ముందల ఒప్పుకున్నడు. అది గూడ ఫోటో లేకుంట!"

జట్లు మారాయి గానీ వాదన మాత్రం ఆగలేదు. నేను శ్రీశైలం పక్కకు జరిగాను.

"బిడ్డా, ఇన్నేండ్లు నిన్ను తప్పుగ అనుకున్న. మనసుల పెట్టుకోకు. గోలు సాఫేనా?"

"సాఫే కాక."

"నిజంగ?"

"గణపయ్య తోడు. గింత పట్టుబట్టి ఎందుకడుగుతున్నవ్?"

అప్పుడు మొక్కు సంగతి చెప్పాను. కొబ్బరి లేని గరిజెల సంగతీ చెప్పాను. శ్రీశైలం నవ్వి నవ్వి బెంచీ మీద కూలబడ్డాడు. కళ్యాణ్ మాత్రం నవ్వలేదు. "మంగళవారం వెళ్దాం సంగయ్యగారూ. కొబ్బరికాయల సంచి నేను మోస్తాను" అన్నాడు.

ఆదివారం ఫైనల్లో మేం ఓడిపోయాం. రెండు గోల్స్ కళ్యాణే వేశాడు, రెండూ కాలితోనే. ఈసారి నేనేమీ మొక్కలేదు.

మంగళవారం పొద్దున్నే మల్లవ్వతో సహా అందరం రుద్రారం వెళ్లాం. కళ్యాణ్ సంచి ఎవరికీ ఇవ్వకుండా తనే మోశాడు. వాళ్లమ్మ కనకమహాలక్ష్మిగారు కూడా వచ్చారు. నాకు ఇంకో సందేహం మిగిలిపోయింది. ఉండబట్టలేక ఆమెనే అడిగాను.

"అమ్మా, ఆ రోజు మీరు గూడ మొక్కే ఉంటరు గద. మేం గెలిస్తిమి. మరి మీ మొక్కు ఏమైనట్టు?"

"గెలవాలని నేనెందుకు మొక్కుతానండీ? దెబ్బలు తగలకుండా ఇంటికి రావాలని మొక్కుకున్నాను. వచ్చాడు. ఆ వారమే చెల్లించేశాను" అందావిడ.

నేను తల వంచుకుని మొదటి కాయ తీశాను.

కొడుతుంటే పాండూ వెంకటరామయ్యగారూ గట్టిగా లెక్కపెట్టారు. నీళ్లు అందరి మీదా చిందాయి. ఇరవై ఒకటో కాయ మొదటి దెబ్బకు పగల్లేదు. "కాక, తలతోని కొట్టు!" అని అరిచాడు శ్రీశైలం. రెండో దెబ్బకు అది సరిగ్గా రెండు చెక్కలైంది.

నేను ఒక చెక్కలోంచి చిన్న ముక్క తీసి ఇస్తే, మల్లవ్వ కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. తర్వాత నా వైపు చెయ్యి చాపింది.

"ఇంకో ముక్క ఇయ్యి" అంది.