ముల్లు లేని చిప్పరొయ్య

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా నాయనమ్మ లలితమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో సగం మందికి చెప్పింది. మిగతా సగానికి నేనే చూపించాను. కానీ 2011లో, ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజుల్లో, మా గైడు మల్లికార్జునరావు సార్ మీద నాకొచ్చిన కోపానికి మాత్రం న్యాయమైన కారణం ఉందనే అనుకున్నాను.

నేను పీహెచ్‌డీ చేస్తున్నది చిప్పరొయ్యల మీద. వాననీటి గుంటల్లో పుట్టి, గుంట ఎండేలోగా బతుకు ముగించుకునే జీవులవి. గోరంత కూడా ఉండవు. పైకి చూస్తే చిన్న ఆల్చిప్పే. రెండు చిప్పలూ తెరిస్తే లోపల రొయ్య. ఏది ఏ జాతో చెప్పాలంటే చిప్ప మీద గీతలు లెక్కపెట్టాలి, తోక గోళ్ళు చూడాలి, తల ముందుకు సాగిన ముక్కు ఎలా ఉందో చూడాలి. బడంగ్‌పేట్ గుంటలో నాకు దొరికిన ఇరవై మూడూ ఎటు చూసినా ఇదివరకే పేరున్న ఒక పాత జాతిలాగే ఉన్నాయి. తేడా ఒక్కటే. ఆ పాతదానికి ముక్కు కొసన సన్నటి ముల్లుంటుంది. నావాటిలో ఒక్కదానికీ లేదు.

అంటే కొత్త జాతి. కొత్తదైతే పేరు పెట్టేది నేను. పెట్టేశాను కూడా: తెలంగాణెన్సిస్. రాష్ట్రం వచ్చేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది?

నాయనమ్మ విని నవ్వింది. "గంత చిన్న పురుగుకా? జర పెద్దదానికి పెట్టరాదే, అందరికి కనబడ్తది."

"పురుగు గాదు నాయనమ్మా, రొయ్య."

"రొయ్యైతే కూరకన్న రావాలె కదనే."

సార్‌ది గుంటూరు. ఎల్బీ నగర్‌లో ఇల్లు కట్టుకుని ఇరవై ఏళ్ళయింది. సమ్మెతో కాలేజీ మూతపడితే తన పాత మైక్రోస్కోపు నాకిచ్చి ఇంట్లోనే పని చేసుకోమన్నారు. నేను రాసిన పేపరు చదివి, కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. "ముల్లు లేదా, విరిగిందా ఇందూ? మళ్ళీ చూడమ్మా."

"ఇరవై మూడిటికీ విరుగుతదా సార్?"

"అదే నేనూ ఆలోచిస్తున్నా. ఊరందరికీ ఒకేరోజు పళ్ళూడవు కదా."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. "ముల్లు సంగతి కాదు సార్. ఆ పేరు మీకు నచ్చలే, గంతే," అనేశాను.

సార్ పేపరు మడిచి బల్ల మీద పెట్టి, టీ తాగి వెళ్ళమన్నారు. నేను తాగలేదు. గెలిచాననుకుంటూ ఇంటికొచ్చాను.

మాది పోచంపల్లి వైపు నేతపని కుటుంబం, ఇప్పుడు చీరల దుకాణం. ఇంట్లో దేన్ని తుడవాలన్నా పాత నేతబట్ట ముక్కే. నాయనమ్మ మగ్గం దిగి పదేళ్ళయినా, దారాలు లెక్కపెట్టే అద్దం కొంగున కట్టుకునే తిరుగుతుంది. ఏ బట్ట చేతికందినా అద్దం పెట్టి చూడనిదే వదలదు. నాలుగు రోజుల తర్వాత నా మైక్రోస్కోపు పక్కనున్న గుడ్డముక్క ఆమె చేతికందింది.

"ఏందే గిది? నేను నేసిన బట్టకు ముండ్లెక్కడివి?"

"ఏం ముండ్లు?"

"నువ్వే చూడు. పోగు పోగున ఇరుక్కున్నయి. దేన్ని తుడిచినవు?"

రొయ్యల్నే తుడిచాను. స్పిరిట్‌లో ఊరి బిరుసెక్కిన వాటి చిప్ప తెరిచి, తడి పోయేలా తల దగ్గర ఒత్తి తుడిచి, అప్పుడు మైక్రోస్కోపు కింద పెట్టేదాన్ని. ల్యాబులో అయితే వడపోత కాగితంతో మెల్లగా అద్దుతాం. ఇంట్లో ఇంత మంచి గుడ్డ ఉండగా కాగితమెందుకనుకున్నాను. ఇప్పుడు ఆ గుడ్డనే మైక్రోస్కోపు కింద పెట్టాను. పంతొమ్మిది ముళ్ళు కనిపించాయి. మిగతా నాలుగూ ఎక్కడ రాలాయో. తర్వాత ఒక రొయ్య ముక్కు చూశాను, ఈసారి పేరు మనసులో పెట్టుకోకుండా. కొస నున్నగా లేదు. విరిగిన చోటు తెలుస్తూనే ఉంది.

"ఎంత దగ్గరగ నేసిన చూడు, ఒక్కటి జారలే," అంది నాయనమ్మ.

బస్సులు లేవు. గుడ్డను డబ్బాలో పెట్టుకుని ఎల్బీ నగర్ దాకా నడిచాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే వెళ్ళాను. సార్ తలుపు తీయగానే అన్నీ మరిచిపోయి డబ్బా ఆయన చేతిలో పెట్టేశాను.

ఆయన కిటికీ దగ్గర కూర్చుని, భూతద్దంతో గుడ్డంతా చూశారు. తర్వాత లోపలికి వెళ్ళి నా పేపరు తెచ్చారు. చివర ఆయన సంతకం ఉంది. నేను టీ తాగకుండా లేచొచ్చిన రోజు తేదీ.

"మీరు నమ్మలే కద సార్?"

"నమ్మలేదు."

"మరి సంతకం ఎందుకు పెట్టిన్రు?"

"పెట్టకపోతే నన్నేమంటారో నువ్వే చెప్పి వెళ్ళావుగా. ఆ మాట ఇంకో నోట వినే ధైర్యం లేకపోయిందమ్మా," అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. నా నోటికి జడిసి, ఇన్నేళ్ళ చదువును పక్కన పెట్టి సంతకం చేశాడు ఆ మనిషి.

"తప్పయింది సార్. ఆ పేరు కొట్టెయ్యండి."

ఆయన పెన్ను నా వైపు తోశారు. "నువ్వే కొట్టెయ్యి. నేను కొట్టేస్తే, గుంటూరాయన కొట్టేశాడంటావు మళ్ళీ."

నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. తెలంగాణెన్సిస్ మీద ఒక గీత గీశాను. ఆయన నా చేతిలోంచి పెన్ను తీసుకుని, తన సంతకం మీద ఇంకో గీత గీశారు.