బుగ్గన దాచిన మందు

చెంచాడు ఇనుము టానిక్కు నోట్లో పోయించుకుని, మింగినట్టు గుటక నటించి, ఆస్పత్రిలో లిఫ్టు నడిపే మనిషి స్నానాలగదిలోకి నడిచాడు. కుళాయి పెద్దగా తిప్పి ఆ చప్పుడులో ఉమ్మేశాడు. గోధుమరంగు చార పోయేదాకా చెంబుతో నీళ్ళు కొట్టాడు. పదకొండు రోజులుగా ఇదే నాటకం. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాక దొంగపని నేర్చుకోవడం ఏమంత తేలిక కాదు. మొదటిరోజు సగం మింగేశాడు కూడా.

"మరీ చేదుగా ఉందాండీ?" అని గుమ్మం అవతలినుంచి అడిగింది భార్య.

"అలవాటైపోయిందిలే."

తొమ్మిదేళ్ళుగా ఆవిడ ఒక్కపూట తప్పించలేదు. నాలుగు మెట్లెక్కి ఆయన ఆయాసపడితే, ఒంట్లో రక్తం లేదని తేల్చేసింది. ఆ టానిక్కు పేరు చెప్పింది ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే స్నేహితుడు. "నెల తాగానో లేదో, లేచి కూర్చున్నా వదినా!" అన్నాడు. అతనికి నిజంగానే గుణమిచ్చింది మరి.

తర్వాత ఈ స్నేహితులిద్దరి కాలేయాల్లోనూ ఒకే వైరస్ పాతకాపులా కాపురముంటోందని తెలిసింది. ఇద్దరివీ వేరువేరు జాతులు, ఒంటి రంగులూ వేరే. జాతిని బట్టి ఈ జబ్బులో ఒంట్లోని ఇనుము తేడాగా ఉంటుందేమో చూస్తామని డాక్టర్లు ఇద్దరినీ పరిశోధనలో చేర్చుకున్నారు. "పోన్లే అన్నా, కాలేయం తరఫున చుట్టాలమయ్యాం" అన్నాడు లాండ్రీవాడు.

పదకొండు రోజుల కిందట, రక్తం తీసే నర్సు ఈయన్ని పక్కకు పిలిచి చెప్పింది. ఆయన జాతివాళ్ళలో చాలామందికి ఇనుము ఎక్కువ కనిపిస్తోంది, ఎందుకో పెద్ద డాక్టర్లకే అంతుబట్టలేదు. ఆయనకైతే మరీ ఎక్కువ. జబ్బు టానిక్కు వల్ల వచ్చింది కాదు గానీ, దెబ్బతిన్న కాలేయానికి అది మోయలేని బరువు. వెంటనే మానెయ్యాలి.

ఇవాళ లిఫ్టులో ఇద్దరే ఉన్నప్పుడు నర్సు మళ్ళీ అడిగింది. "పిన్నికి చెప్పారా బాబాయ్?"

"చెబితే దానికి నిద్ర పడుతుందా తల్లీ? తొమ్మిదేళ్ళు తన చేత్తో పోసింది."

"పోనీ, మీ స్నేహితుడికి?"

"వాడా! గుండెలు బాదుకుంటాడు. నేను మానేశానుగా, చాలు. నేనున్నా లేకపోయినా ఈ మాట నీ నోట రానివ్వకు."

నర్సు రెండో అంతస్తులో దిగిపోయింది. మూడో అంతస్తులో మైల దుప్పట్ల బండి లోపలికొచ్చింది, వెనకే లాండ్రీవాడు.

"నాకు ఇనుము పాసు మార్కులేనట అన్నా. నీకో?"

"నాకు ఫస్టు క్లాసురా."

"చూశావా! ఎవరి సలహా అనుకున్నావ్?"

లిఫ్టు మనిషి నవ్వాడు. నవ్వితే కుడి డొక్కలో కలుక్కుమంది. అయినా నవ్వాడు; వాడి మొహంలో ఆ గర్వం చూస్తే ఆయనకు ముద్దొచ్చింది.

మధ్యాహ్నం ఉక్కగా ఉందని కోటు విప్పి మేకుకు తగిలించాడు. కింది అంతస్తులో తలుపు తీసిపెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. పండ్ల సంచితో వచ్చినావిడ "మూడో అంతస్తు" అని రెండుసార్లు అంది. కునుకు తీస్తున్నాడు కాబోలని కాసేపు చూసింది కూడా. అప్పటికే ఆయన ప్రాణం వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆస్పత్రి వరండాలో బెంచీ మీద భార్య ఓ పక్క, లాండ్రీవాడు ఓ పక్క కూర్చున్నారు. నర్సు మంచినీళ్ళు తెచ్చింది.

"ఒక్కపూట మానలేదు తమ్ముడూ. పొద్దున కూడా నా చేత్తోనే పోశాను. నువ్వు చెప్పిన ఆ మందే ఆయన్ని ఇన్నాళ్ళు నిలబెట్టింది."

లాండ్రీవాడు కళ్ళు తుడుచుకుని తలూపాడు. ఆవిడ నర్సు చెయ్యి పట్టుకుంది. "అంతే కదమ్మా?"

నర్సు గ్లాసు కింద పెట్టి, ఆవిడ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అంతే పిన్నీ."

ఆగిన లిఫ్టులో, మేకుకు ఆయన నీలం కోటు వేలాడుతోంది. ఇరవైరెండేళ్ళు గోడకు ఆనించిన కుడి మోచేతి దగ్గర బట్ట అరిగి నున్నగా మెరుస్తోంది.