నా పేరు చెప్పి ఉంచిన ఉపవాసం

వాసవి సంచిలో రెండు నూలు చీరలు, తువ్వాలు, స్టీలు గ్లాసు పెట్టాను. జగదల్‌పూర్ ఆసుపత్రిలో ఎన్నాళ్లుంచుతారోనని దుప్పటి కూడా కుక్కబోతే, అడుగున ముందటేడు ఆసుపత్రి కాగితం తగిలింది. నా కోడలు పొట్ట పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయి ఉంది. అది నిరుడు నవరాత్రుల ఉపవాసంలో ఆరో రోజు.

దుకాణం చల్లగా ఉండాలని మా ఇంట్లో కోడలే తొమ్మిది రోజులూ గ్లాసు పాల మీద ఉంటుంది. నలభై ఏళ్లు నేనున్నాను. ఖాళీ కడుపుతో ఇంటిల్లిపాదికీ గారెలు, పులిహోర వండి, ఉప్పు కూడా చూడకుండా వడ్డించాను. తర్వాత ఆ పొయ్యి వాసవికి అప్పగించాను. ముందటేడు ఇలాగే నొప్పి వస్తే నా కొడుకు నవీన్ ఆసుపత్రికి తీసుకెళ్లి వచ్చి, "గ్యాసంట అమ్మా, ఏం లేదు" అన్నాడు.

నేను బడికి పోలేదు. దుకాణంలో పొట్లాల కాగితాల మీద తెలుగు, బస్తాల మీద హిందీ కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆ హిందీ కాగితం వేలు పెట్టి చదివాను. ఏ లక్షమందిలోనో ఒకరికి వచ్చే రక్తపు జబ్బు. కడుపునొప్పి దానివల్లే. ఉపవాసం ప్రాణానికే ముప్పు, ఎన్నడూ ఉండరాదు. ఆ మాట కింద డాక్టరు రెండు గీతలు గీశాడు.

"ఏందిరా ఇది?"

నవీన్ గతుక్కుమన్నాడు. "నీకు హిందీ ఎప్పుడొచ్చిందే?"

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఒప్పుకుంటవా? మొక్కు తప్పితే దుకాణానికి అరిష్టమంటవ్. ఇంట్ల లొల్లెందుకని ఊకున్న. అప్పుడు తగ్గింది గదా!"

మంచం మీంచి వాసవి తల తిప్పింది. "మీకు తెల్వదా అత్తమ్మా? కాగితం చూపిచ్చిండంట గదా. అయినా ఉండాల్సిందేనని మీరన్నరంట."

జీపు వచ్చింది. డ్రైవరు వెంకన్న వాసవిని ఎత్తి కూర్చోబెడుతున్నాడు. నేననలేదు బిడ్డా అని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. డ్రైవరు ముందు కొడుకు పరువు పోతుందనుకున్నాను. ఇంటికొచ్చాక చెప్పొచ్చులే అనుకున్నాను. జీపు జగదల్‌పూర్ దారిలో ఎర్రబోరు వైపు తిరిగింది.

ఈ ఏడు నవరాత్రుల మొదటి రోజు పొద్దున్నే అన్నం వండుకుని, అమ్మవారి పటం ఎదుటే కడుపునిండా తిన్నాను. మధ్యాహ్నం నవీన్‌కు రెండో సంబంధం మాట్లాడటానికి భోపాలపట్నం నుంచి పిల్ల తల్లిదండ్రులు వచ్చారు. టీలు ఇచ్చాక ఆ ఆసుపత్రి కాగితం తెచ్చి హిందీలో చదివి, తెలుగులో అర్థం చెప్పాను. "అమ్మా, నీకేమన్న పిచ్చా?" అన్నాడు నవీన్. ఆగకుండా చివరి వరకూ చదివాను.

ఆ కాగితంలోని మా కోడలు ఏమైందని ఆ పిల్ల తల్లి అడిగింది. వాసవి నిరుడు నవరాత్రుల్లో ఆరో రోజు పొద్దున ఆసుపత్రికి వెళ్లింది. ప్రాణంతో తిరిగి రాలేదు.