వేలక్క మీటరు

ముప్పై తొమ్మిదో బోర్డుకు కరెంటు ఇచ్చి, కుడి చూపుడువేలు చిప్పు మీద ఆనించి వేలక్క పది లెక్కపెట్టింది. చల్లగానే ఉంది. కాగితం మీద టిక్కు పెట్టి బోర్డును పక్కకు జరిపింది.

ఇరవై ఆరేళ్ళుగా ఆమె చేసే పని ఇదే. ఆసుపత్రుల్లో పసిపిల్లల ఊపిరి లెక్కపెట్టే యంత్రాలకు బోర్డులు చేసే షెడ్డు అది. మీటరుకు చిక్కని లోపం కూడా ఆమె వేలికి చిక్కేది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. మంచం పట్టిన భర్తకు మందులూ, ఇంట్లో పొయ్యి వెలగడమూ ఆ వేలి చలవే.

నలభయ్యో బోర్డు దగ్గర కుడిచేతిలో టీ గ్లాసు ఉంది. బల్ల దగ్గర టీ తాగకూడదని గోడ మీద రాసి ఉంది, అది రాయించినాయన కూడా అక్కడే తాగుతాడు. ఎడమ వేలు పెట్టింది.

చుర్రుమంది.

గ్లాసు దింపి కుడి వేలు పెట్టింది. చల్లన. మళ్ళీ ఎడమది. కాలింది. ఏడాది కిందట కాలే టంకం కడ్డీ ఆ కుడి వేలికే తగిలితే, నొప్పి తెలియలేదు, కమురు వాసనే వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం ఊడుతుందని భయం.

కొత్త చిప్పొకటి తీసి మీటరు పెట్టింది. చిప్పులో ఊపిరి కదలికను వినే సగానికి ఒక కరెంటు, దాన్ని అంకెలుగా మార్చే సగానికి ఇంకొకటి. పాత చిప్పుల్లో ఆ రెండు దారులూ లోపల కలిసేవి కావు. బోర్డు కూడా ఆ లెక్కనే రెండుచోట్ల నుంచి విడివిడిగా కరెంటు ఇస్తుంది. నిన్నటి నుంచి వాడుతున్న ఈ కొత్త సరుకులో ఆ రెండు దారుల కాళ్ళకూ క్లిప్పులు తగిలించగానే మీటరు కుయ్యిమంది. లోపల కలిపేశారు. ఇక ఆ రెండు కరెంట్లూ చిప్పు కడుపులోనే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఇవాళ వేడెక్కుతుంది, నెలకో రెణ్ణెల్లకో తప్పుడు అంకెలు చూపిస్తుంది. పక్కన పడుకున్న బిడ్డకు ఊపిరి ఆగినా ఆడుతున్నట్టే చూపిస్తుంది.

బయట లారీలోకి పెట్టెలు ఎక్కిస్తున్నారు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు తనమీద తనకు భయమేసింది. మీటరును అలాగే వదిలేసి లేచింది.

"బాబూ, లారీ ఆపించు," అంది సూపర్‌వైజరుతో.

అతడు వచ్చి నలభయ్యో బోర్డు చిప్పును ముట్టుకుని చెయ్యి విదిలించాడు. "అబ్బా! ఇది మీకు తెలీలేదా అక్కా?"

"ఆ వేలికి ఏడాదిగా ఏమీ తెలీడం లేదు బాబూ. నేనే దాచాను."

అతడు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పెట్టెలు దించారు. ఆమె టిక్కు పెట్టిన ముప్పై తొమ్మిదిలో పెట్టెల్లోవీ బల్ల మీదివీ కలిపి ఇరవై ఏడు దొరికాయి. నిన్న వెళ్ళిన పన్నెండింటి కోసం ఫోన్లు చేశారు. మధ్యాహ్నానికి పదకొండు తేలాయి.

"పన్నెండోది?" అంది.

"ఎక్కడో బిగించేశారంట. ఏ ఊళ్ళోనో కనుక్కుంటున్నారు. మీరింక ఇంటికెళ్ళండి అక్కా. రేపట్నుంచి... రావద్దన్నారు."

ఆమె కుడిచేతిని కొంగులో చుట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా గేటు దాటింది.

బల్ల మీద ఆమె మీటరు, చిప్పు రెండు కాళ్ళనూ పట్టుకుని, సన్నగా కుయ్యిమంటూనే ఉంది.